గోల్ దాకా వచ్చిన బంతి లోపలికి ఎందుకు పోదు? భారత ఫుట్‌బాల్‌లో ‘ఫినిషింగ్’ చిక్కుముడి

2024లో భారత ఫుట్‌బాల్ జట్టు గచ్చిబౌలి స్టేడియంలో మూడు మ్యాచ్‌లు ఆడింది. సెప్టెంబర్ 3న మారిషస్‌తో 0-0, సెప్టెంబర్ 9న సిరియా చేతిలో 0-3, నవంబర్ 18న మలేషియాతో 1-1. నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికల్లా చేరిపోయే దూరం. అలా వెళ్లిన మనవాళ్లకు 270 నిమిషాల ఆటలో కనిపించిన భారత గోల్ ఒక్కటే. అది కూడా స్ట్రైకర్ కొట్టింది కాదు. కార్నర్ నుంచి వచ్చిన బంతిని డిఫెండర్ రాహుల్ భేకే తలతో లోపలికి పంపాడు.

ఆ ఏడాదంతా కథ ఇలాగే నడిచింది. 11 మ్యాచ్‌లు, 4 గోల్స్, గెలుపు ఒక్కటీ లేదు. 2025లో ఏషియన్ కప్ క్వాలిఫయర్స్ మొదలయ్యాక తీరు పెద్దగా మారలేదు. బంగ్లాదేశ్, హాంకాంగ్, సింగపూర్ ఉన్న గ్రూపులో మొదటి 5 మ్యాచ్‌ల్లో 2 గోల్స్ మాత్రమే వచ్చాయి, ఈసారీ గెలుపు లేదు. టోర్నీలో చోటు చేజారింది.

ప్రతి మ్యాచ్ తర్వాతా వినిపించే మాట ఒక్కటే: “మనోళ్లకు ఫినిషింగ్ లేదు.” నిజానికి ఈ ఒక్క మాట కింద కనీసం మూడు వేర్వేరు సమస్యలు దాక్కున్నాయి. ఒకటి, దొరికే అవకాశాల నాణ్యత. రెండు, అదృష్టం. మూడు, గోల్ ముందు ఆటగాడి కాలూ తలా పనిచేసే తీరు. ఏది ఎంతో విడదీయకుండా అందరినీ ఒకే గాటన కట్టి తిడితే స్ట్రైకర్‌కు అన్యాయం జరుగుతుంది, జట్టు సమస్య కూడా అర్థం కాదు.

## ఫినిషింగ్ అని దేన్ని అనాలి

అవకాశాన్ని తయారుచేయడం ఒక పని, దాన్ని గోల్‌గా మలచడం ఇంకో పని. ఫినిషింగ్ అంటే ఈ రెండోదే. వింగర్, అంటే మైదానం పక్కల నుంచి ఆడే ఆటగాడు, కుడివైపు నుంచి గోల్ ముందుకు బంతి పంపాడు (దీన్నే క్రాస్ అంటారు) అనుకోండి. బంతి స్ట్రైకర్ ముందుకు కాకుండా అతని వీపు వెనక్కి వచ్చింది. అతను ఒళ్లు తిప్పి, కాలు చాపి ఎలాగో తాకించాడు, బంతి బారు మీదుగా పోయింది. స్టాండ్స్‌లో అందరూ తల పట్టుకుంటారు. కానీ ఇక్కడ తప్పింది క్రాస్. స్ట్రైకర్ తాకించగలగడమే గొప్ప.

ఇంకో సందర్భం. 2025 జూన్ 10న హాంకాంగ్‌లో జరిగిన మ్యాచ్ మొదటి సగంలో లిస్టన్ కొలాసో ఎడమవైపు నుంచి బంతిని తెచ్చి ఆషిక్ కురునియన్‌కు అందించాడు. ముందు గోల్ దాదాపు ఖాళీగా ఉంది. బంతి పోస్టు పక్కనుంచి బయటికి వెళ్లింది. చివరి నిమిషాల్లో హాంకాంగ్‌కు పెనాల్టీ దొరికింది, 0-1తో ఓడిపోయాం. ఇది అచ్చంగా ఫినిషింగ్ తప్పే.

రెండు సందర్భాల్లోనూ స్కోరు బోర్డు మీద కనిపించేది సున్నానే. వీటిని వేరుచేయాలంటే షాట్ ఎక్కడి నుంచి, ఎలా కొట్టారో చూడాలి.

## గోల్ వెడల్పు అంతే, కనిపించే వెడల్పు మాత్రం మారుతుంది

గోల్‌పోస్టుల మధ్య దూరం 7.32 మీటర్లు, బారు ఎత్తు 2.44 మీటర్లు. ఈ కొలత జాకార్తాలోనూ జడ్చర్లలోనూ ఒకటే. కొట్టేవాడు నిలబడ్డ చోటును బట్టి అతని కళ్లకు ఆ గోల్ ఎంత తెరుచుకుని ఉంటుందన్నదే తేడా. బడిలో నేర్చుకున్న త్రికోణమితితోనే లెక్క కట్టొచ్చు.

గోల్‌కు ఎదురుగా 5.5 మీటర్ల దూరంలో, అంటే చిన్న బాక్స్ గీత మీద నిలబడితే రెండు పోస్టుల మధ్య కోణం సుమారు 67 డిగ్రీలు. పెనాల్టీ స్పాట్ దగ్గర, 11 మీటర్ల దూరంలో అది 37 డిగ్రీలకు తగ్గుతుంది. ఎదురుగానే 20 మీటర్లకు జరిగితే 21 డిగ్రీలు.

ఇప్పుడు పెనాల్టీ స్పాట్ నుంచి ముందుకూ వెనక్కీ పోకుండా పక్కకు 11 మీటర్లు జరగండి. గోల్ మధ్యభాగానికి దూరం సుమారు 15.6 మీటర్లే, అంటే 20 మీటర్ల కంటే దగ్గర. కోణం మాత్రం 19 డిగ్రీలే. దగ్గరికి వచ్చినా గోల్ ఇంకా ఇరుకైంది. మధ్యలో కీపర్ ఒక అడుగు ముందుకు వేస్తే మిగిలేది సందు మాత్రమే. పక్కనుంచి కొట్టిన షాట్ వలకు బయటివైపు తగిలినప్పుడల్లా “అంత దగ్గర్నుంచి మిస్సా” అనుకుంటాం. మీటర్ల లెక్కలో దగ్గరే, కోణం లెక్కలో చాలా కష్టం.

దీనికి తోడు బంతి కాలికి వచ్చిందా తలకు వచ్చిందా, నేల మీద దొర్లుతూ వచ్చిందా ఎగిరి వచ్చిందా, మధ్యలో ఎంతమంది డిఫెండర్లున్నారు అన్నవి ఉంటాయి. ఒకే చోటు నుంచి కాలితో కొట్టినదానికంటే తలతో కొట్టింది గోల్ అయ్యే అవకాశం తక్కువ.

## ఎక్స్‌పెక్టెడ్ గోల్స్: షాట్‌కు ముందే కట్టే వెల

పై విషయాలన్నీ కలిపి ఒక్కో షాట్‌కు ఒక అంకె ఇస్తారు. దాన్నే ఎక్స్‌పెక్టెడ్ గోల్స్, పొట్టిగా ఎక్స్‌జీ అంటారు. టీవీలో మ్యాచ్ సగం అయ్యాక స్కోరు కింద 1.3, 0.6 అని కనిపించేది ఇదే. గతంలో కొట్టిన లక్షల షాట్ల రికార్డు తీసి, అచ్చం ఇలాంటి చోటు నుంచి ఇలా కొట్టినవాటిలో నూటికి ఎన్ని గోల్ అయ్యాయో చూస్తారు. పది అయితే 0.1, నలభై అయితే 0.4. పెనాల్టీకి 0.76 నుంచి 0.79 మధ్య ఇస్తారు, ఎందుకంటే నూటికి దాదాపు అన్ని పెనాల్టీలు గోల్ అవుతాయి. బాక్స్ (గోల్ ముందున్న పెనాల్టీ ఏరియా) బయట దూరం నుంచి కొట్టే మామూలు షాట్‌కు 0.03 దగ్గర వస్తుంది. పెద్ద లీగుల్లో అన్ని షాట్లనూ కలిపి చూస్తే సుమారు పదింటికి ఒక గోల్ పడుతుంది.

ఈ చివరి అంకె ఒక్కటి గుర్తుంటే చాలు, మన చర్చల్లో సగం వేడి తగ్గుతుంది. ప్రపంచంలోని మంచి ఆటగాళ్లు కొట్టే షాట్లలో కూడా పదికి తొమ్మిది లోపలికి పోవు.

ఒక ఊహా మ్యాచ్ తీసుకుందాం. నల్లగొండ జట్టు మహబూబ్‌నగర్‌తో ఆడింది. నల్లగొండవాళ్లు 12 షాట్లు కొట్టారు, ఒక్కోదాని వెల 0.1. మొత్తం 1.2. మహబూబ్‌నగర్‌వాళ్లు కొట్టింది 3 షాట్లే, కానీ ఒక్కోటి 0.4. వాళ్లదీ మొత్తం 1.2. మ్యాచ్ 1-0తో మహబూబ్‌నగర్, అంటే పాలమూరు గెలిచింది. బయటికొస్తూ జనం ఏమంటారు? “పన్నెండు ఛాన్సులొచ్చినా నల్లగొండోళ్లు ఒక్కటి కొట్టలేకపోయారు” అనే కదా. లెక్క ప్రకారం రెండు జట్లూ సమానంగానే ఆడాయి. నల్లగొండకు వచ్చినవి పన్నెండు పలచటి అవకాశాలు. వాటిలో ఒక్కటీ గోల్ కాకపోయే సంభావ్యత 0.9ని పన్నెండుసార్లు గుణిస్తే వస్తుంది: 28 శాతం. అంటే ఎవరూ చెడ్డగా కొట్టకపోయినా ఇలాంటి నాలుగు మ్యాచ్‌ల్లో ఒకటి సున్నాతో ముగుస్తుంది. పాలమూరు మూడు షాట్లూ వృథా అయ్యే సంభావ్యత 0.6ను మూడుసార్లు గుణిస్తే 22 శాతం.

కాబట్టి షాట్ల సంఖ్య చూపించి ఫినిషింగ్ లేదనడం నిలబడదు. ఎన్ని కొట్టారన్నదానికంటే ఎలాంటి చోటు నుంచి కొట్టారన్నది ముందు అడగాలి.

## దురదృష్టం ఎన్ని మ్యాచ్‌ల దాకా చెల్లుతుంది

ఒక మ్యాచ్‌లో సున్నాకు 28 శాతం అవకాశం ఉంటే, అలాంటి రెండు మ్యాచ్‌లు వరసగా సున్నా అయ్యే అవకాశం 8 శాతం. మూడైతే 2 శాతం. ఐదైతే వెయ్యికి రెండు కూడా కాదు. మన జిల్లాల రైతులకు ఈ తర్కం బాగా తెలుసు. ఒక బోరు ఫెయిలైతే అదృష్టం బాలేదనుకుంటాం. అదే చెలకలో ఐదో బోరూ దుమ్మే లేపితే, అక్కడ నీళ్లు లేవని ఒప్పుకుంటాం.

పెద్ద క్లబ్బుల చరిత్రలో రెండు రకాల ఉదాహరణలూ ఉన్నాయి. 2014-15 జర్మన్ లీగ్‌లో యుర్గెన్ క్లోప్ శిక్షణలోని బొరుస్సియా డార్ట్‌మండ్ శీతాకాల విరామానికి 18 జట్లలో 17వ స్థానంలో ఉంది. అవకాశాల లెక్క చూసినవాళ్లు మాత్రం ఈ జట్టు ఆట అంత చెడ్డగా లేదన్నారు. సీజన్ ముగిసేసరికి డార్ట్‌మండ్ 7వ స్థానానికి ఎక్కింది. అదృష్టం తిరిగి మామూలు స్థితికి రావడమంటే ఇదే.

బ్రైటన్ కథ అంత సాఫీ కాదు, అందుకే నాకు ఎక్కువ ఆసక్తి. 2020-21 ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్‌లో ఆ జట్టు 38 మ్యాచ్‌ల్లో 40 గోల్సే కొట్టి 16వ స్థానంలో నిలిచింది. వాళ్లు సృష్టించిన అవకాశాలకు ఇంకా చాలా గోల్స్ రావాలని ఆ ఏడాదంతా విశ్లేషకులు చెబుతూనే ఉన్నారు. ఓపిక పడితే అవే వస్తాయన్న వాదన అది. మరుసటి ఏడాది బ్రైటన్ 9వ స్థానానికి ఎదిగింది, కానీ కొట్టిన గోల్స్ 42 మాత్రమే. 2022 సెప్టెంబర్‌లో కోచ్ గ్రాహం పోటర్ వెళ్లిపోయి రాబెర్టో డి జెర్బి వచ్చాడు. దాడి చేసే పద్ధతి మారింది, ఆ సీజన్‌లో 72 గోల్స్ పడ్డాయి. అదృష్టం కోసం ఎదురుచూడటం మీదే భారం వేసినవాళ్ల దగ్గర ఈ 42కు మంచి జవాబు లేదు.

చిన్న లెక్కల్లో ఒకే మనిషి రెండు రకాలుగా కనిపిస్తాడన్న సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2025 మార్చి 19న షిల్లాంగ్‌లో మాల్దీవులపై సునీల్ ఛెత్రి తన 95వ అంతర్జాతీయ గోల్‌ను తలతో కొట్టాడు. ఆరు రోజులకే, అదే ఊళ్లో బంగ్లాదేశ్‌పై తలకు అందిన బంతులను గోల్ చేయలేకపోయాడు, మ్యాచ్ 0-0. ఆరు రోజుల్లో ఎవరూ హెడర్ మర్చిపోరు.

## ఆ అంకెకు కనిపించనివి

ఎక్స్‌జీని దేవుడి లెక్కలా చూసేవాళ్లూ ఉన్నారు, చెత్త అని కొట్టిపారేసేవాళ్లూ ఉన్నారు. రెండూ తొందరపాటే.

మొదటి లోపం: సాధారణ నమూనాకు కొట్టేది ఎవరో తెలియదు. మెస్సీ కొట్టినా, మొన్ననే అరంగేట్రం చేసిన కుర్రాడు కొట్టినా అదే చోటుకు అదే అంకె. మెస్సీ ఏళ్ల తరబడి తన అంకెకు మించి గోల్స్ కొట్టాడు. ఇంగ్లండ్ స్ట్రైకర్ హ్యారీ కేన్, దక్షిణ కొరియా ఆటగాడు సన్ హ్యుంగ్-మిన్ కూడా అదే కోవకు చెందినవాళ్లు. అయితే ఇలా నిలకడగా మించేవాళ్లు చాలా తక్కువ. ఎక్కువమంది ఒక సీజన్‌లో మించి, తర్వాతి సీజన్‌లో తగ్గి, మొత్తం మీద లెక్క దగ్గరికే వచ్చి ఆగుతారు.

రెండోది: కొట్టని షాట్‌కు అంకె ఉండదు. గోల్ ముందుకు దొర్లుతూ వచ్చిన క్రాస్‌కు స్ట్రైకర్ బొటనవేలంత దూరంలో తప్పిపోతే ఎక్స్‌జీ సున్నా. అవకాశం మాత్రం పెద్దది. మన జట్టు విషయంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది ఈ లోపమే, కాసేపట్లో దాని దగ్గరికే వస్తాను.

మూడోది కూడికలో వచ్చే తిరకాసు. 0.6 వెల ఉన్న షాట్‌ను కీపర్ ఆపాడు, ఎగిరొచ్చిన బంతిని మళ్లీ కొడితే దాని వెల 0.5. కూడితే 1.1. కానీ ఆ ఒక్క దాడిలో ఒకటికి మించి గోల్ రావడం అసాధ్యం. సరైన లెక్క: రెండూ తప్పే అవకాశం 0.4 × 0.5 = 0.2, కాబట్టి గోల్ వచ్చే అవకాశం 0.8.

## గోల్ ముందు అర సెకను

ఇక అసలు కాలి పని. బాక్స్‌లో బంతి అందాక స్ట్రైకర్‌కు దొరికే సమయం చాలా చిన్నది. ఆ లోపే మొదటి తాకుతో బంతిని అదుపులోకి తెచ్చుకోవాలి, కీపర్ ఏ పక్కకు వంగాడో చూడాలి, ఏ మూలకో తేల్చుకోవాలి. మొదటి తాకులో బంతి ఒక అడుగు ఎక్కువ దూరం జరిగితే ఆ అడుగులోకి డిఫెండర్ కాలు వచ్చేస్తుంది. ఒళ్లు వెనక్కి వాలితే బంతి బారు మీదుగా పోతుంది. ఎడమకాలికి వచ్చిన బంతిని కుడికాలికి మార్చుకునేవాడికి ఆ మార్చుకోవడంలోనే సమయం ఐపోతుంది.

టెన్షన్ ఇక్కడే పనిచేస్తుంది, అదీ రెండు రకాలుగా. కొందరు తొందరపడి కీపర్ మీదికే కొడతారు. ఇంకొందరు ఖాయం చేసుకుందామని ఇంకో తాకు తీసుకుంటారు. నాలుగైదు మ్యాచ్‌లుగా గోల్ లేని స్ట్రైకర్‌లో ఈ రెండో లక్షణం పెరగడం చూస్తుంటాం.

ఇది చిన్నప్పటి నుంచి ఆడిన నేలతో కూడా ముడిపడి ఉంది. నల్లగొండ ఎన్‌జీ కాలేజీ గ్రౌండ్‌ లాంటి చోట్ల సాయంత్రం పూట పిల్లలు షూటింగ్ ప్రాక్టీస్ చేయడం గమనించండి. వరసలో నిలబడతారు, ఒక్కొక్కడూ వచ్చి బంతి కొట్టి మళ్లీ వరస చివరికి పోతాడు. పాతికమందికి రెండు బంతులుంటే ఒక్కో పిల్లాడికి పడే షాట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మీద పడే డిఫెండర్ ఉండడు. పోస్టులకు వల లేకపోతే ఇంకో సంగతి: గట్టిగా కొట్టినవాడే పోయి బంతి తేవాలి, అది ఎక్కడో ముళ్లకంపల దాకా దొర్లిపోతుంది. రెండుసార్లు పరుగెత్తాక పిల్లాడు మెల్లగా తోయడం అలవాటు చేసుకుంటాడు. మొరం నేల మీద బంతి ఎటు ఎగురుతుందో తెలియదు కాబట్టి వచ్చిన బంతిని వచ్చినట్టే కొట్టకుండా ఆపి, చూసి కొట్టడం నేర్చుకుంటాడు. పచ్చిక మీద పెద్ద మ్యాచ్‌లో ఆ ఆపే అలవాటే అతని అర సెకనును తినేస్తుంది. ఆ పిల్లల్లో లోపం లేదు. వాళ్లకు దొరికిన నేలకు తగ్గట్టు వాళ్లు తెలివిగానే ఆడుతున్నారు.

ఈ సంగతి మన హైదరాబాదీ గురువు సయ్యద్ అబ్దుల్ రహీం డెబ్బై ఏళ్ల కిందటే పట్టుకున్నాడు. 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత్‌కు స్వర్ణాలు తెచ్చిన కోచ్ ఆయన. బలహీనమైన కాలితో మాత్రమే ఆడాల్సిన టోర్నీలు, డ్రిబ్లింగ్ (బంతిని కాలితో తోసుకుంటూ పోవడం) నిషేధించిన టోర్నీలు పెట్టేవాడు. ఒకే తాకుతో ఆడటం అలవాటు కావాలని, ఏ కాలికి వచ్చినా వెనకాడొద్దని. పైన చెప్పిన రెండు జబ్బులకూ నేరుగా వేసిన మందులివి.

## “స్ట్రైకర్ లేడు”, “స్ట్రైకర్‌కు బంతి రాదు”: రెండు వాదనలు

మొదటి వాదన బలమైనది. 2014లో మొదలైన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్)లో 2024-25 దాకా 11 సీజన్లు జరిగాయి. అత్యధిక గోల్స్‌కు ఇచ్చే గోల్డెన్ బూట్ ఒక్కసారీ భారత ఆటగాడికి రాలేదు. హైదరాబాద్ ఎఫ్‌సీ 2021-22లో టైటిల్ గెలిచినప్పుడు కూడా 18 గోల్స్‌తో ముందున్నది నైజీరియాకు చెందిన బార్తలోమ్యూ ఓగ్బెచే. క్లబ్బుకు గెలుపు కావాలి, కాబట్టి మధ్యలో నిలబడే స్ట్రైకర్‌గా విదేశీయుణ్ణి తీసుకుంటుంది. మన ఫార్వర్డ్‌లు మైదానం పక్కలకు, వింగ్‌ల మీదికి జరుగుతారు. ఏడాదంతా పక్కల నుంచి క్రాస్‌లు వేసిన కుర్రాణ్ణి జాతీయ జట్టుకు తీసుకొచ్చి “నువ్వే గోల్ కొట్టు” అంటే ఆ అర సెకను అనుభవం అతనికి ఎక్కడిది? 2024 జూన్‌లో రిటైరైన ఛెత్రిని 40 ఏళ్ల వయసులో వెనక్కి పిలవాల్సి వచ్చిందంటేనే ఖాళీ ఎంత పెద్దదో తెలుస్తుంది. 2024-25 ఐఎస్‌ఎల్‌లో కూడా భారతీయుల్లో ఎక్కువ గోల్స్, 14, ఆయనవే.

రెండో వాదన ఇది: స్ట్రైకర్ ఎవరైనా, అతని దగ్గరికి మంచి బంతి రావడం లేదు. క్వాలిఫయర్స్ మొదటి 5 మ్యాచ్‌ల్లో మనం కొట్టిన రెండు గోల్స్ చూడండి. సింగపూర్‌లో ఆట చివర రహీమ్ అలీ కొట్టింది ప్రత్యర్థి డిఫెండర్ చేసిన తప్పు నుంచి దొరికింది. గోవాలోని మార్గావ్‌లో సింగపూర్‌పైనే లాలియన్‌జువాలా ఛాంగ్తే కొట్టింది బాక్స్ అంచు నుంచి వచ్చిన అందమైన షాట్. మనవాళ్లు పాస్‌లు అల్లి, డిఫెన్స్‌ను చీల్చి, పెనాల్టీ స్పాట్ దగ్గర ఒకణ్ణి ఒంటరిగా నిలబెట్టి కొట్టిన గోల్ వీటిలో లేదు. నా అభిప్రాయం ఈ పక్షానికే మొగ్గుతుంది. ఆషిక్ మిస్ అందరికీ గుర్తుంది, ఎందుకంటే అలాంటి అవకాశం అరుదుగా వచ్చింది. మంచి జట్టు స్ట్రైకర్ కూడా ఖాళీ గోల్ ముందు తప్పు చేస్తాడు, కానీ అతనికి అదే మ్యాచ్‌లో ఇంకో రెండు వస్తాయి. మనవాడికి రాలేదు.

అయితే ఈ రెండూ పూర్తిగా వేరు కూడా కావు. స్ట్రైకర్ పని కొట్టడం మాత్రమే కాదు. క్రాస్ రాకముందే డిఫెండర్ వెనక నుంచి అతని ముందుకు దూకి చోటు దొరకబుచ్చుకోవడం కూడా. ఆ పరుగు తీయని చోట షాటే ఉండదు, ఎక్స్‌జీలో నమోదూ కాదు. అప్పుడు లోపం “అవకాశాలు రాలేదు” అన్న ఖాతాలో పడుతుంది గానీ, అసలు కారణం స్ట్రైకర్‌గా ఆడిన అనుభవం లేకపోవడమే కావచ్చు. మొదటి వాదన రెండోదాని కడుపులో ఉందన్నమాట.

## డిఫెండర్లు కొట్టే గోల్స్

ఈ లోటుకు కోచ్‌లు ఎప్పటినుంచో వెతుక్కునే దారి ఒకటుంది. 1962 జాకార్తాలో రహీం చేసింది అదే. తలకు గాయమైన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను సెమీఫైనల్‌లో, ఫైనల్‌లో సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపాడు. దక్షిణ కొరియాపై 2-1తో గెలిచిన ఫైనల్‌లో ఒక గోల్ పీకే బెనర్జీది, ఇంకోటి జర్నైల్‌ది.

2025 ఆగస్టులో ఖాలిద్ జమీల్ కోచ్‌గా వచ్చాక మధ్య ఆసియా ఫుట్‌బాల్ సంఘం నడిపే కాఫా నేషన్స్ కప్ తొలి మ్యాచ్‌లో తజికిస్తాన్‌పై 2-1తో గెలిచాం. గోల్స్ కొట్టింది అన్వర్ అలీ, సందేశ్ ఝింగన్. ఇద్దరూ సెంటర్ బ్యాక్‌లే. ఎత్తైన డిఫెండర్లు బాక్స్‌లోకి వచ్చే కార్నర్, ఫ్రీకిక్, పొడవాటి త్రో మీద ఆధారపడితే స్ట్రైకర్ లేని లోటు కొంత పూడుతుంది. ఆ టోర్నీలో మూడో స్థానం దక్కింది. కానీ మ్యాచ్‌కు అలాంటి బంతులు కొన్నే వస్తాయి, వచ్చినవాటిలో తలతో కొట్టేవే ఎక్కువ, వాటి వెల తక్కువని పైనే చూశాం. రెండు నెలలైనా తిరక్కముందే మార్గావ్‌లో సింగపూర్ చేతిలో 1-2తో, ఆ తర్వాత నవంబర్ 18న ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలో 0-1తో ఓడిపోయినప్పుడు ఆ దారి ఎంతవరకు వెళ్తుందో తెలిసిపోయింది.